పులికాట్ తీరంలో చలికాలపు అరుదైన పిట్టలు: తరచుగా అడిగే ప్రశ్నలు

దీపావళి దాటి నాలుగు వానలు పడ్డాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఫ్లెమింగోలు దిగాయా?", "ఈ ఫోటోలో ఉన్నది అరుదైన పిట్టేనా?", "సూళ్లూరుపేటలో బస్సు దిగి ఎటు పోవాలి?" అడిగేవాళ్లలో తిరుపతి, శ్రీకాళహస్తి, చిత్తూరు వాళ్లే ఎక్కువ. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. కొండలు, చెరువులు తప్ప సముద్రం లేదనుకున్న మనకు పులికాట్ సరస్సు సొంతమైంది. అప్పటి నుంచి ఆసక్తి బాగా పెరిగింది, సందేహాలూ పెరిగాయి. ప్రతి చలికాలం అవే ప్రశ్నలు వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

## బయల్దేరక ముందు

ఏ నెలలో వెళ్తే పిట్టలు బాగా కనిపిస్తాయి?

డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. కానీ అన్ని పిట్టలూ ఒకేసారి రావు. బురదలో ముక్కుతో పొడుచుకు తినే ఉల్లంకి జాతివి ఆగస్టు, సెప్టెంబరు నుంచే దిగడం మొదలవుతుంది. బాతులు నవంబరు నుంచి వస్తాయి. ఫ్లెమింగోలకు కావలసింది లోతు తక్కువ నీళ్లు. ఈశాన్య రుతుపవనాల వానలకు అక్టోబరు, నవంబరు నెలల్లో సరస్సు నిండుతుంది. ఆ నీళ్లు తగ్గి వాటి కాళ్లకు అందే లోతుకు వచ్చాకే పెద్ద గుంపులు రోడ్డు దగ్గరికి చేరతాయి. అందుకే వానలు గట్టిగా పడిన ఏడాది డిసెంబరులో వెళ్లినవాళ్లు "ఏమీ లేవు" అంటారు, అదే చోట జనవరి ఆఖరులో చూసినవాళ్లు వేలల్లో ఉన్నాయంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే.

అరుదైనవి చూడాలనే పట్టుదల ఉంటే సీజన్ మొదలు, చివర వదులుకోవద్దు. సెప్టెంబరు, అక్టోబరులోనూ మార్చి, ఏప్రిల్‌లోనూ ఇంకా దక్షిణానికి పోయేవి, తిరిగి ఉత్తరానికి వెళ్లేవి దారిలో రెండు మూడు రోజులు ఆగుతాయి. ఎండగా ఉంటుంది, జనం ఉండరు, చూసే కళ్లు తక్కువ. ఆ రోజుల్లో చాలా పిట్టలు ఎవరి కంటా పడకుండానే వెళ్లిపోతాయి.

ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చే పిట్టలేనా?

కాదు. పేపర్లో ఏటా అలాగే రాస్తారు కాబట్టి అందరి నోటా అదే మాట. సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూళ్లు కట్టే గూడబాతులు మన దేశపు పిట్టలే. వానలు, చేపలు చూసుకుని దక్షిణ భారతంలోనే ఒకచోటి నుంచి ఇంకోచోటికి తిరుగుతూ, గూడు కట్టడానికి ఇక్కడికి వస్తాయి. వాటి పక్కనే ఉండే నత్తగుల్ల కొంగ, తెడ్డుమూతి కొంగ, ఎర్రకాళ్ల కొంగ కూడా అంతే. ఫ్లెమింగోలకు మన దేశంలో పెద్ద సంతానోత్పత్తి స్థలం గుజరాత్‌లోని కచ్ రణ్.

నిజంగా దూరం నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి. సూదితోక బాతు, చెంచామూతి బాతు ఉత్తర ఆసియా, మధ్య ఆసియా నుంచి వస్తాయి. తల వెనక రెండు నల్లపట్టీలుండే బార్ హెడెడ్ గూస్ టిబెట్, మంగోలియా వైపు నుంచి హిమాలయాలు దాటి వస్తుంది. పిడికెడంత ఉండే లిటిల్ స్టింట్ ఆర్కిటిక్ టండ్రాలో పుట్టి ఇక్కడి బురదలో చలికాలం గడుపుతుంది. ఈ దారి మొత్తాన్ని మధ్య ఆసియా వలసమార్గం అంటారు.

తిరుపతి నుంచి ఎలా వెళ్లాలి? ఒక్క రోజులో అవుతుందా?

అవుతుంది. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట సుమారు 100 కిలోమీటర్లు. నాయుడుపేట దాటాక చెన్నై హైవే మీద దొరవారిసత్రం దగ్గర పక్కకు తిరిగితే నేలపట్టు. సొంత బండి ఉంటే తెల్లారుజామున నాలుగింటికి బయల్దేరండి. సూర్యోదయానికి సరస్సు దగ్గర ఉండి, ఎండ ముదిరాక నేలపట్టు చెట్ల నీడకు చేరి, మధ్యాహ్నానికి వెనక్కి తిరగొచ్చు. బస్సులో వెళ్లేవాళ్లు ముందు రోజు రాత్రే సూళ్లూరుపేటలో దిగి పడుకోవడం మంచిది. పొద్దున మొదటి రెండు గంటలు పోగొట్టుకుంటే సగం రోజు పోయినట్టే.

కెమెరా లేదు. బైనాక్యులర్ ఏది కొనాలి?

8×42 అని రాసి ఉన్నది తీసుకోండి. 20 రెట్లు, 30 రెట్లు అని ఊరించే చవక రకాలు చేతిలో వణుకుతాయి, పొద్దున వెలుతురుకు మసకగా కనిపిస్తాయి. పులికాట్‌లో దూరాలు ఎక్కువ కాబట్టి స్పాటింగ్ స్కోప్ (స్టాండు మీద పెట్టి చూసే చిన్న టెలిస్కోపు) ఉన్న స్నేహితుడు దొరికితే వదలొద్దు. బైనాక్యులర్ కంటికి ఫోన్ కెమెరా ఆనించి తీసిన ఫోటో అందంగా ఉండదు కానీ గుర్తుపట్టడానికి చాలాసార్లు సరిపోతుంది.

## ఒడ్డుకు చేరాక

సూళ్లూరుపేటలో దిగాక ఎక్కడ నిలబడి చూడాలి?

మొదట సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా వెళ్లే రోడ్డు. రెండు పక్కలా నీళ్లే. ఫ్లెమింగోలు, పెద్ద కొంగలు, బాతులు ఇక్కడే ఎక్కువమంది చూస్తారు. దారిలో అటకానితిప్ప దగ్గర కాస్త ఎత్తు మీద నుంచి చూసే వీలుంది. తడ వైపు భీములవారిపాళెం రేవు ఇంకో మంచి చోటు, పడవ తిరిగే రోజు అయితే మరీ మంచిది. వేనాడు వైపు బురద మేటల్లో చిన్న ఉల్లంకి జాతి పిట్టలు దొరుకుతాయి.

అసలు సముద్రపు ఒడ్డు కావాలంటే తూపిలిపాళెం వైపు ఇసుక తీరానికి వెళ్లాలి. అల వెనక్కి పోగానే దాని వెంట పరిగెత్తి, అల వస్తుంటే మళ్లీ ఒడ్డుకు పరిగెత్తే తెల్లటి చిన్న పిట్ట శాండర్లింగ్. దాన్ని సరస్సు లోపల వెతికితే దొరకదు.

శ్రీహరికోట రోడ్డు మీద ఆగనిస్తారా? ఫోటోలు తీయొచ్చా?

రోడ్డు పక్క బండి పూర్తిగా దించి నిలిపి పిట్టలను చూసుకోవచ్చు. అంతరిక్ష కేంద్రం గేటు దాటి లోపలికి అనుమతి లేదు, ఆ కట్టడాల వైపు కెమెరా ఎత్తకూడదు. డ్రోన్ మాట తలపెట్టొద్దు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు జనం, ఆంక్షలు రెండూ ఉంటాయి కాబట్టి తేదీ చూసుకుని బయల్దేరండి. ఉద్యోగుల బస్సులు వేగంగా వెళ్లే రోడ్డు ఇది. పిల్లలను తీసుకెళ్తే బండికి నీళ్ల వైపే నిలబెట్టండి.

పొద్దున్నే వెళ్లినా పిట్టలన్నీ నల్లటి నీడల్లా కనిపించాయి. ఏం పొరపాటు జరిగింది?

సూర్యుడికి ఎదురుగా చూసి ఉంటారు. ఆ రోడ్డు పడమర నుంచి తూర్పుకు వెళ్తుంది. చలికాలంలో సూర్యుడు రోజంతా ఆకాశంలో దక్షిణం పక్కనే నడుస్తాడు. కాబట్టి శ్రీహరికోట వైపు వెళ్తుంటే ఎడమ చేతి వైపు, అంటే ఉత్తరం వైపు నీళ్లను చూడండి. వెలుతురు మీ వీపు వెనక నుంచి పడుతుంది, రంగులు ఉన్నవి ఉన్నట్టు తెలుస్తాయి. అదే పిట్ట దక్షిణం వైపు ఉంటే కాలు ఎరుపో పచ్చో కూడా చెప్పలేం. తొమ్మిదిన్నర, పది దాటాక నీళ్ల మీద ఎండసెగ లేచి దూరంగా ఉన్న పిట్ట ఆకారం ఊగుతుంది. అప్పుడు గుర్తుపట్టిన అరుదైన పిట్టను నేనైతే లెక్కలోకి తీసుకోను.

ఎంత దగ్గరికి వెళ్లొచ్చు?

ఇన్ని మీటర్లు అని చెప్పలేను, పిట్టే చెబుతుంది. తింటున్నది తినడం ఆపి తల ఎత్తిందంటే మీరు అప్పటికే దగ్గరికి వచ్చేశారు. అక్కడే ఆగి కదలకుండా నిలబడండి. అది మళ్లీ ముక్కు బురదలో పెడితే సరే. రెండడుగులు పక్కకు నడిచి రెక్క సర్దుకుందంటే మీరు వెనక్కి జరగాలి.

ఈ విషయం గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒక జనవరి పొద్దున సరస్సు ఎండిన అంచులో నలభై దాకా పొడవాటి ముక్కుండే ఉల్లంకి జాతి గాడ్‌విట్‌లు తింటుంటే ఒక జీపు నేరుగా బురద మేట మీదికి దిగింది. ఎగురుతున్నప్పుడు ఫోటో కావాలని హారన్ కొట్టారు. గుంపు లేచింది, తిరిగి దిగింది, మళ్లీ హారన్. నాలుగోసారి లేచినవి ఇక దిగలేదు, తూర్పుకు కనుచూపు దాటిపోయాయి. చూడ్డానికి అదొక చిన్న ఎగురుడు. కానీ ఆ పిట్టలు చలికాలమంతా తిని ఒంట్లో కొవ్వు పెంచుకునేది వేల కిలోమీటర్లు తిరిగి వెళ్లడానికి. 2022 అక్టోబరులో బార్ టెయిల్డ్ గాడ్‌విట్ పిల్ల ఒకటి అలాస్కా నుంచి టాస్మేనియా దాకా 13,560 కిలోమీటర్లు, 11 రోజులు ఎక్కడా దిగకుండా ఎగిరింది. అలాంటి ప్రయాణానికి పెట్రోలు ఈ బురదలోని పురుగులే. హారన్ కొట్టిన ప్రతిసారీ అందులోంచి కొంత ఒలకబోసినట్టు.

తుఫాను తర్వాత వెళ్తే అరుదైనవి దొరుకుతాయంటారు, నిజమేనా?

నిజమే. ఒడ్డుకు ఎన్నడూ రాని నడిసముద్రపు పిట్టలను తుఫాను గాలి నేల మీదికి నెట్టేస్తుంది. ఫ్రిగేట్ బర్డ్, సూటీ టెర్న్ లాంటివి తూర్పు తీరంలో కనిపించేది ఎక్కువగా అలాంటప్పుడే. అయితే హెచ్చరికలు పూర్తిగా ఎత్తేశాక, రోడ్లు తెరిచాకే వెళ్లండి. ఆ పిట్టలు తిండి లేక, రెక్కలు తడిసి బాగా అలసిపోయి ఉంటాయి. ఇసుక మీద కూర్చుని లేవలేకపోతున్న పిట్టను ఎగరగొట్టే ప్రయత్నం చేయొద్దు.

## గుర్తుపట్టేటప్పుడు

అసలు ఏ పిట్టను 'అరుదైనది' అనాలి?

మీరు మొదటిసారి చూసినది అరుదైనది కాదు. అరుదు అనేది చోటును బట్టి, తేదీని బట్టి తేలుతుంది. జనవరిలో సూదితోక బాతు మామూలే, జూన్‌లో అదే బాతు రాసి పెట్టుకోవలసిన విషయం. క్రాబ్ ప్లవర్ మన్నార్ సింధుశాఖ దీవుల దగ్గర తెలిసిన పిట్ట, మన వైపు కనిపిస్తే వెంటనే నలుగురికీ చెప్పాలి.

నన్నడిగితే మొదటి రెండు చలికాలాలు అరుదైనవాటి కోసం వెతకొద్దు. లిటిల్ స్టింట్, కెంటిష్ ప్లవర్, కర్లూ శాండ్‌పైపర్, మార్ష్ శాండ్‌పైపర్, రెడ్‌షాంక్ ఈ అయిదింటినీ ఎండలో, నీడలో, దగ్గర, దూరం, నిద్రపోతూ, ఎగురుతూ అన్ని రకాలుగా చూడండి. అవి మీకు ఇంటిపక్కవాళ్లంత తెలిసిపోయాక, గుంపులో పరాయి పిట్ట ఉంటే వెతక్కుండానే మీ కన్ను అక్కడ ఆగుతుంది.

స్పూన్ బిల్డ్ శాండ్‌పైపర్ చూశాననుకుంటున్నాను. ఎవరికి చెప్పాలి?

ముందు ఇంకో పది నిమిషాలు దాన్నే చూడండి. ప్రపంచం మొత్తం మీద కొన్ని వందలే మిగిలిన పిట్ట అది. రష్యా ఈశాన్య మూలన పుట్టి, చలికాలం బంగ్లాదేశ్, మయన్మార్, థాయిలాండ్ తీరాల్లో గడుపుతుంది. మన తీరంలో కనిపిస్తే దేశమంతా మాట్లాడుకునే సంగతి.

నాకు ఒకసారి కనిపించింది. అలాగే అనుకున్నాను. వేనాడు వైపు ముప్పై నలభై లిటిల్ స్టింట్‌ల మధ్య ఒకదాని ముక్కు చివర చెంచాలా వెడల్పుగా ఉంది. చేతులు వణికాయి. ఫోన్ తీయబోయి, పోనీ ఇంకాస్త చూద్దామని బైనాక్యులర్‌లోనే ఉండిపోయాను. అది ముక్కును నీళ్లలో ముంచి పక్కకు విదిలించింది. ముక్కు చివరి ముద్ద ఊడి పడింది. జిగురుమట్టి. కింద ఉన్నది సన్నటి నల్లటి మామూలు స్టింట్ ముక్కు. ఇలా మట్టి అంటుకోవడం బురదలో తినే పిట్టలకు రోజూ జరిగేదే. ముక్కు ఆకారంతో పాటు తినే తీరూ చూడండి: స్పూన్ బిల్డ్ పిట్ట ముక్కును నీళ్లలో, మెత్తటి బురదలో పెట్టి అటూ ఇటూ ఊపుతూ ముందుకు తోస్తుంది, స్టింట్ కుట్టుమిషన్ సూదిలా టకటకా పొడుస్తుంది. ఇవన్నీ చూశాక కూడా అదేననిపిస్తే వీడియో తీసి, తెలిసిన సీనియర్ బర్డర్ (పిట్టలను చూసే అలవాటున్నవాళ్లు)‌కు ఆ నిమిషంలోనే పంపండి.

బ్రౌన్ హెడెడ్ గల్ (గోధుమరంగు తల ఉండే సముద్రపు పిట్ట) అన్నారు, తల తెల్లగా ఉంది. ఇది వేరే జాతా?

అదే జాతి. ఆ గోధుమరంగు తల సంతానోత్పత్తి కాలంలోనే. చలికాలంలో చెవి దగ్గర ముదురు మచ్చ ఒకటే మిగులుతుంది. ఫిబ్రవరి, మార్చికి తల మళ్లీ రంగెక్కుతుంది. ఎదిగిన పిట్టకు కళ్లు లేతరంగులో ఉంటాయి, ఎగిరినప్పుడు నల్లటి రెక్క కొసలో తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. కళ్లు నల్లగా, పిట్ట కాస్త చిన్నగా ఉంటే బ్లాక్ హెడెడ్ గల్ అయ్యే అవకాశం ఉంది, ఫోటో తీసి ఉంచుకోండి.

ఫ్లెమింగోల్లో రెండు రకాలున్నాయట, తేడా ఎలా తెలుస్తుంది?

ముక్కు చూడండి. గ్రేటర్ ఫ్లెమింగోకు గులాబీ రంగు ముక్కు, కొస మాత్రం నలుపు. లెస్సర్ ఫ్లెమింగోకు ముక్కంతా ముదురు ఎరుపు, దూరానికి నల్లగానే కనిపిస్తుంది, పిట్ట కూడా బాగా పొట్టి. గుంపులో బూడిదరంగువి ఉంటే అవి మూడో రకం కాదు, ఇంకా రంగు రాని పిల్లలు.

రెండు గాడ్‌విట్‌లను విడదీయడం నావల్ల కావడం లేదు.

నిలబడి ఉండగా కష్టమే, ఎగిరేదాకా ఆగండి. రెక్క మీద వెడల్పాటి తెల్లచార, తోక కొస నలుపు ఉంటే బ్లాక్ టెయిల్డ్. చార లేకపోతే బార్ టెయిల్డ్, మన వైపు తక్కువగా కనిపించేది అదే. నిలబడి ఉన్నప్పుడు బార్ టెయిల్డ్ వీపు మీద గీతలు గీతలుగా ఉంటుంది, ముక్కు కొంచెం పైకి వంపు తిరుగుతుంది.

ఏ అరుదైన పిట్టల కోసం కళ్లు తెరుచుకుని ఉండాలి?

నా మనసులో మొదటిది గ్రేట్ నాట్. కర్లూ శాండ్‌పైపర్ కంటే బాగా పెద్దది, బొద్దుగా ఉంటుంది, రొమ్ము మీద ముదురు చుక్కలు. ఈశాన్య సైబీరియాలో పుట్టే ఈ పిట్ట ఎక్కువగా ఆస్ట్రేలియాకు వెళ్తుంది, దారిలో చైనా, కొరియా మధ్య ఎల్లో సీ బురదమేటల్లో ఆగి తింటుంది. దక్షిణ కొరియాలో సేమాంగుం దగ్గర 33 కిలోమీటర్ల పొడవున కట్టిన సముద్రపు గోడ 2006లో మూసుకుపోయాక అక్కడి మేత పోయింది, ఈ పిట్టల సంఖ్య దారుణంగా పడిపోయింది. ఇప్పుడు అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల్లో ఉంది. అందుకే మన తీరంలో కనిపించే ఒక్కో గ్రేట్ నాట్ లెక్కలోకి రావాలి.

ఆయిస్టర్‌క్యాచర్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు: నలుపు తెలుపు ఒళ్లు, నారింజరంగు పొడవాటి ముక్కు, ఒకసారి చూస్తే మరిచిపోరు. రెడ్ నెక్డ్ ఫలరోప్ నీళ్ల మీద బొంగరంలా గిరగిరా తిరుగుతూ తింటుంది. పెద్ద గల్‌ల గుంపులో పల్లాసెస్ గల్ ఉందేమో చూడండి. బార్ హెడెడ్ గూస్ సరస్సులోనే కాదు, చుట్టుపక్కల చెరువుల్లో, కోత అయిన వరిమళ్లలో కూడా దిగుతుంది కాబట్టి దారిలోనూ కిటికీ పక్కనే కూర్చోండి.

## రాసి పెట్టేటప్పుడు

ఈబర్డ్‌లో (చూసిన పిట్టల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్‌లో) నా రికార్డు ఒప్పుకోలేదు. నేను అబద్ధం చెప్పాననా?

కాదు. ఈబర్డ్‌లో ఒక్కో ప్రాంతానికి, ఒక్కో నెలకు ఏ పిట్ట ఎన్ని ఉండొచ్చో ముందే అమర్చి ఉంటుంది. దాన్ని దాటితే వివరాలు అడుగుతుంది, తర్వాత స్వచ్ఛందంగా పనిచేసే సమీక్షకులు చూస్తారు. వాళ్లకు కావలసింది "కచ్చితంగా అదే, నాకు తెలుసు" అనే మాట కాదు. ఎంత దూరం నుంచి, ఏ వెలుతురులో, ఎంతసేపు చూశారు, కాళ్లు, ముక్కు, రెక్క ఎలా ఉన్నాయి, దాన్ని పోలిన మామూలు పిట్ట కాదని ఎలా తేల్చుకున్నారు, ఇవి కావాలి.

మొదట్లో నా రికార్డు ఒకటి ఇలాగే వెనక్కి వచ్చినప్పుడు చాలా బాధపడ్డాను. రెండు వారాలు ఆ ఫోటో తెరిచి చూడలేదు. చూశాక కాళ్ల రంగు నేను రాసిన పిట్టది కాదని తెలిసింది. నాకు కనిపించినది, నేను చూడాలనుకున్నది ఒకటి కావని ఆ ఫోటో నాకు నేర్పింది. సమీక్షకుడు ఆ ఒక్క మెయిల్ రాయకపోతే ఆ తప్పు లెక్క శాశ్వతంగా ఉండిపోయేది.

ఫోటో లేకపోతే రాయకూడదా?

రాయండి. పిట్ట కళ్ల ముందు ఉండగానే నోటు పుస్తకంలో గబగబా బొమ్మ గీసి, ఏ రంగు ఎక్కడ ఉందో బాణం గుర్తు పెట్టండి. ఇంటికి వచ్చి పిట్టల బొమ్మల పుస్తకం చూసి రాసిన వర్ణన పనికిరాదు, పుస్తకంలో చూసినదే జ్ఞాపకంగా మారిపోతుంది.

పిట్ట ఉన్న చోటు అందరికీ చెప్పాలా?

బురదలో తింటూ తిరిగే పిట్ట అయితే చెప్పొచ్చు. గూడు, రాత్రి గుంపుగా నిద్రపోయే తిప్ప అయితే వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. ఆ మెసేజ్ ఎవరి ఫోన్ దాకా వెళ్తుందో మన చేతిలో ఉండదు.

కాలికి ఉంగరం, రంగు జెండా ఉన్న పిట్ట కనిపించింది. ఏం చేయాలి?

దొరికిన అదృష్టం అది. పిట్టల దారి తెలుసుకోవడానికి పరిశోధకులు తొడిగే గుర్తులివి. జెండా ఏ కాలికి ఉంది, మోకాలి మడతకు పైనా కిందా, ఏ రంగు, రెండుంటే పైది ఏది, అక్షరాలు అంకెలు ఏమిటి, ఇవన్నీ రాసుకోండి. ఒక్క అక్షరం తెలియకపోతే ఖాళీ వదలండి, ఊహించి నింపొద్దు. ఆ వివరాలు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపితే ఎక్కడ, ఎప్పుడు తొడిగారో కనుక్కోవచ్చు. మన దేశంలో ఈ పనిని దశాబ్దాలుగా చేస్తున్నది ఆ సంస్థే.

మాలాంటి కొత్తవాళ్లు లెక్కింపుల్లో పాల్గొనొచ్చా?

తప్పకుండా. ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ (నీటిపిట్టల లెక్కింపు) 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. తెలిసినవాళ్ల పక్కన నిలబడి సంఖ్యలు రాసుకునే పనితో మొదలుపెట్టండి. వెయ్యి పిట్టలను పదులుగా, వందలుగా కట్టగట్టి లెక్కపెట్టడం ఒక్క పొద్దునలో వచ్చేస్తుంది. సూళ్లూరుపేట ఫ్లెమింగో ఫెస్టివల్‌కు కూడా వెళ్లండి. కొన్నేళ్ల విరామం తర్వాత 2025 జనవరి 18 నుంచి 20 వరకు మళ్లీ జరిగింది. కానీ పిట్టలను ప్రశాంతంగా చూడాలంటే పండగ రోజులు కాకుండా ఇంకో వారం పెట్టుకోండి.

## ఇబ్బంది ఎదురైనప్పుడు

ఒడ్డున పిట్టలు చనిపోయి ఉన్నాయి. ముట్టుకోవచ్చా?

వద్దు, చేతి తొడుగు ఉన్నా వద్దు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి గుర్తుండే ఉంటుంది. దూరం నుంచి ఫోటో తీసి, ఏ జాతి, ఎన్ని ఉన్నాయో సూళ్లూరుపేట వన్యప్రాణి విభాగానికీ దగ్గరి పశువైద్యశాలకీ చెప్పండి. అలాగని వలస పిట్టలన్నిటినీ రోగం మోసుకొచ్చేవాటిగా చూడొద్దు. బతికి ఉండి లేవలేని పిట్ట అయితే మీద నీడ పడేలా ఏదైనా అడ్డుపెట్టి, కుక్కలు రాకుండా చూస్తూ సిబ్బంది వచ్చేదాకా ఉండండి. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

పిట్టల వల కనిపించింది, లేదా బాతులు అమ్ముతున్నారు. ఏం చేయాలి?

మీరు గొడవకు దిగొద్దు. చోటు, సమయం రాసుకుని అటవీశాఖకు ఫోన్ చేయండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం అభయారణ్యంలో వేటకు మూడు నుంచి ఏడేళ్ల జైలు. అన్నిటికంటే ముందు మీరు కొనడం మానండి, "చలికాలం బాతు రుచి వేరు" అనే మాటకు మీ ఇంట్లోనే అడ్డు చెప్పండి. నేలపట్టు ఊరివాళ్లను చూడండి. పిట్టల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పైరుకు ఎరువని వాళ్లకు తెలుసు. పిట్ట వస్తే వాన వచ్చినట్టేనని, వాటి జోలికి ఎవరినీ పోనివ్వరు.

ఈ ఏడాది చూసిన పిట్ట వచ్చే ఏడాది అదే చోటుకు వస్తుందా?

చాలా జాతుల్లో వస్తుంది. ఉంగరాలు తొడిగిన ఉల్లంకి జాతి పిట్టలు ఏటా అదే తీరానికి, కొన్నిసార్లు అదే బురదమేటకు తిరిగి రావడం నమోదైంది. శ్రీహరికోట రోడ్డులో ఒక కల్వర్టు దగ్గర ఉత్తరం వైపు ఒంటరిగా ఒక కర్లూ నాలుగు చలికాలాలుగా నాకు కనిపిస్తోంది. అదే రాయి పక్కన, అదే పొడవాటి వంపు ముక్కుతో పీతలను లాగి, కాళ్లు విదిలించి మింగుతుంది. కాలికి ఉంగరం లేదు, కాబట్టి నాలుగేళ్లూ వచ్చింది అదేనని నా పుస్తకంలో రాయలేదు. ప్రతి ఏడాదీ తేదీ వేసి "కర్లూ, 1" అని మాత్రమే రాస్తున్నాను.